ఊరంతా పాడే ప్రైవేటు పాట

సినిమాలో లేని పాటను మనం ‘ప్రైవేటు పాట’ అంటాం. ప్రభుత్వ రేడియోలో, ప్రభుత్వ జీతం తీసుకునే కళాకారులు బాణీ కట్టి వినిపించిన లలితగీతం ప్రైవేటు. ఎవరు కట్టారో తెలియకుండా తరతరాలుగా ఆడవాళ్ల నోట నలిగిన బతుకమ్మ పాటను ఇవాళ ఎవరైనా యూట్యూబులో పెడితే అదీ ప్రైవేటే. ఒక నిర్మాత సొంత డబ్బు పెట్టి రాయించి, ఒక ఆడియో కంపెనీకి హక్కులు అమ్ముకున్న పాట మాత్రం అందరిదీ! ఈ తిరకాసు మన నాలుకకు ఎంత అలవాటైందంటే, అందులో వింత ఉందని కూడా తోచదు.

తెలుగువాళ్ల జనరంజక సంగీతం గురించి ఎప్పుడు చర్చ వచ్చినా మూడు వాదనలు వినిపిస్తాయి. మొదటిది: మనకు సినిమా పాట తప్ప మరో జనప్రియ సంగీతం లేదు, ఉన్నదాన్నంతా సినిమా మింగేసింది. రెండోది: అయితే నష్టమేమిటి, సినిమా పాటే మన కాలపు జానపదం, పొలంలోనూ పెళ్లిలోనూ మోగేది అదే కదా. మూడోది కొత్తది: యూట్యూబు వచ్చాక సినిమా గుత్తాధిపత్యం పోయింది, పల్లె కుర్రాడు సెల్‌ఫోన్‌తో స్టార్ అవుతున్నాడు. మూడింటిలోనూ కొంత నిజముంది. కానీ మూడూ పాట ఎక్కడ పుట్టిందన్న దగ్గరే ఆగిపోతాయి. అసలు తేలాల్సింది వేరే ఉంది: పాట నచ్చినవాడు తన అభిమానాన్ని ఎవరికి ఇస్తున్నాడు? పాడినవాడికా, రాసినవాడికా, బాణీ కట్టినవాడికా, తెరమీద పెదాలు కదిపినవాడికా? ఆ లెక్క తేలితే మిగతావి వాటంతటవే తేలతాయి.

వన్స్‌మోర్ కాలం

సినిమా రాకముందే మనకు అభిమాన సంఘాలు లేకపోయినా అభిమానులున్నారు. తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగ విజయాల్లో కృష్ణ రాయబారం, బలిజేపల్లి లక్ష్మీకాంతం హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను, వీటికోసం బళ్లు కట్టుకుని పక్క ఊళ్లనుంచి వచ్చేవారు. కథ అందరికీ తెలుసు. పద్యాలు ముందు వరసలో కూర్చున్నవాళ్లకు నోటికి వచ్చు. వాళ్లు వచ్చింది కథకోసం కాదు, ఫలానా ఆయన ఆ పద్యం చివర రాగం ఎంతసేపు తీస్తాడో చూడటానికి. నచ్చితే ‘వన్స్‌మోర్!’ అని అరుపు. కృష్ణుడు రాయబారం ఆపి, మళ్లీ మొదటినుంచి పద్యం ఎత్తుకోవాల్సిందే. ఎవరో ఒక రైతు స్టేజీ ఎక్కి నటుడి పట్టుబట్టలకు నోటు గుచ్చి దిగేవాడు. కంట్రాక్టు నాటకాల్లో ఒకే రాత్రి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని పాత్రను పంచేవారు. ప్రేక్షకులు తమ కృష్ణుడు వచ్చేదాకా కునుకు తీసి, వచ్చాక లేచి కూర్చునేవారు. ఈలపాట రఘురామయ్య, పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు, వీళ్లలో ఎవరు గొప్ప అన్నదాని గురించి అరుగుల మీద తగాదాలు పడిన తరం సినిమా వచ్చాక కూడా ఉంది.

ఆ కాలపు అభిమానిలో రెండు సంగతులు గమనించాలి. ఒకటి, అతని అభిమానం గొంతుమీద, ఆ గొంతు ఎదురుగా ఉంది. రెండు, పాటలో ఏముండాలో అతనే తేల్చేవాడు. జాషువా శ్మశానం మీద రాసిన పద్యాలు బలిజేపల్లి నాటకంలోవి కావు. కాటి సీనులో నటులు వాటిని పాడటం మొదలుపెట్టారు, జనం ఒప్పుకున్నారు, అంతే, అవి నాటకంలో భాగమైపోయాయి. ఇవాళ జాషువా పద్యాలు లేని హరిశ్చంద్ర వేస్తే ప్రేక్షకుడే ఊరుకోడు. గ్రామఫోన్ వచ్చాక నాటక పద్యం ప్లేటెక్కింది. మన తొలి రికార్డింగ్ స్టార్లలో చాలామంది రంగస్థలం మీదివాళ్లే. 1932 ఫిబ్రవరి 6న ‘భక్త ప్రహ్లాద’ విడుదలైనప్పుడు టాకీ కొత్త గొంతులను కనిపెట్టలేదు, నాటకం నుంచి అరువు తెచ్చుకుంది. సినిమా పాట చేసిన మొదటి అప్పు అది. తర్వాత చేసిన అప్పులు చాలా ఉన్నాయి.

నలుగురికి పంచిన పాట

మన సంప్రదాయంలో పాటగాడికి ‘వాగ్గేయకారుడు’ అని ఒక నిండైన పేరుంది. మాటా తనదే, బాణీ తనదే, గొంతూ తనదే. అన్నమయ్య, క్షేత్రయ్య, త్యాగయ్య అందరూ ఆ కోవవారే. బాలాంత్రపు రజనీకాంతరావు ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ రాసి 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. ఆయన కూడా రాసి, బాణీ కట్టి, పాడినవారే.

సినిమా చేసిన పెద్ద పని ఈ వాగ్గేయకారుణ్ణి విడదీయడం. తొలినాళ్లలో చిత్తూరు నాగయ్య, టంగుటూరి సూర్యకుమారి, భానుమతి తమ పాట తామే పాడుకున్నారు. నేపథ్యగానం స్థిరపడ్డాక రాసేది ఒకరు, బాణీ కట్టేది ఒకరు, పాడేది ఒకరు, వీళ్లందరి ముందూ నిలబడి పెదాలు కదిపేది ఇంకొకరు. పాటతో పాటు అభిమానమూ నాలుగు వాటాలైంది. తెలుగు అభిమాన సంస్కృతి అంటే ఈ నాలుగు వాటాల మధ్య జరిగిన బేరమే.

గాయకుడి వాటా చూడండి. ఘంటసాల వెంకటేశ్వరరావు విజయనగరం సంగీత కళాశాలలో పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర నేర్చుకుని, క్విట్ ఇండియాలో జైలుకు వెళ్లి, మద్రాసు చేరిన మనిషి. రామారావు అభిమానులూ నాగేశ్వరరావు అభిమానులూ హాళ్ల దగ్గర బాహాబాహీ తలపడుతున్న రోజుల్లో ఇద్దరి గొంతూ ఆయనే. రామారావుకు పాడినప్పుడు ఒక గాంభీర్యం, నాగేశ్వరరావుకు పాడినప్పుడు ఒక మెత్తదనం. పోస్టరు మీద పేడ కొట్టుకున్న రెండు గుంపులూ ఇంటికెళ్లి రేడియోలో విన్నది ఒకే మనిషిని. ఈ విచిత్రం వల్లే కాబోలు, హీరోల అభిమానం కక్ష నేర్పితే ఘంటసాల అభిమానం అందరినీ కలిపింది. 1974 ఫిబ్రవరి 11న ఆయన పోయి అర్ధశతాబ్దం దాటినా ఊరూరా ఆరాధనోత్సవాలు జరుగుతూనే ఉన్నాయి. త్యాగయ్య వంటివారికి వాడే ‘ఆరాధన’ అనే మాట ఒక సినిమా గాయకుడికి ఎవరి అనుమతీ లేకుండా జనమే ఇచ్చేశారు.

1966లో ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’తో వచ్చిన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ఇంకో అడుగు వేశారు. అల్లు రామలింగయ్యకు పాడితే అల్లు రామలింగయ్యే పాడాడనిపించారు. నటుణ్ణి గొంతులో దాచుకునే ఆ విద్య గాయకుణ్ణి కనిపించకుండా చేయాలి నిజానికి. అలా కాలేదు. జనం ఆ దాగుడుమూతనే మెచ్చుకుని, తెరమీది ముఖాన్ని దాటి బాలు పేరు పట్టుకున్నారు. గాయనుల కథ కాస్త వేరు. విజయనగరం సుశీల, పల్లపట్ల జానకి దశాబ్దాలపాటు నాయికలందరికీ గొంతులయ్యారు. ప్రేమకు కొదవలేదు. కాని ఘంటసాల పేరున, బాలు పేరున జరిగినన్ని సంబరాలు వాళ్ల పేరున జరగలేదు. అభిమాన సంఘం అనేది మన దగ్గర మొదటినుంచీ మగవాళ్ల అరుగు.

రచయిత వాటా తెలుగువాళ్లకు గర్వకారణం. ఆత్రేయ రాసి ప్రేక్షకులనూ, రాయక నిర్మాతలనూ ఏడిపిస్తాడన్న చమత్కారం తెలియని తెలుగువాడు అరుదు. పాట రాసేవాడి మీద జోకు జనంలోకి వెళ్లిందంటే ఆయన స్టారైనట్టే. శ్రీశ్రీ, ఆరుద్ర, సినారె, వేటూరి, సిరివెన్నెల, వీళ్ల పేరు చెప్పి పాటను తలుచుకునే శ్రోత మనకు ఇప్పటికీ ఉన్నాడు. ‘అల్లూరి సీతారామరాజు’కు శ్రీశ్రీ, ‘మాతృదేవోభవ’కు వేటూరి, ‘ఠాగూర్’కు సుద్దాల అశోక్‌తేజ, ‘కొండపొలం’కు చంద్రబోస్, ‘బలగం’కు కాసర్ల శ్యామ్ జాతీయ పురస్కారాలు తెచ్చారు. ఆ శ్రోతను తయారుచేసింది ఏ విశ్వవిద్యాలయమూ కాదు, సినిమాహాలు బయట అమ్మిన పాటల పుస్తకం. నాలుగు మడతల నాసిరకం కాగితం, ముందు పేజీమీద మసకబారిన హీరో బొమ్మ, లోపల అచ్చుతప్పులతో పాటలు. ఇంటర్వెల్లో అమ్మే కుర్రాడు వరసల మధ్య తిరిగేవాడు. ఆ కాగితం మడతలు తెగేదాకా చదివి, తప్పులను సొంత పెన్సిలుతో దిద్దుకున్నవాళ్లు మా ఇంట్లోనే ఇద్దరున్నారు. ఇవాళ్టి లిరికల్ వీడియో ఆ పుస్తకానికి మనవడు.

సంగీత దర్శకుడికి అభిమానులు ఆలస్యంగా వచ్చారు. సాలూరి రాజేశ్వరరావు, పెండ్యాల, కె.వి. మహదేవన్‌లకు గౌరవముంది గాని గుంపు లేదు. ఇళయరాజాతో, 1992లో డబ్బింగు ‘రోజా’తో తెలుగింటికి వచ్చిన రెహమాన్‌తో క్యాసెట్టు మీద సంగీత దర్శకుడి ఫొటో పెద్దదైంది. ఇప్పుడు తమన్‌దా, దేవిశ్రీదా పైచేయి అని సోషల్ మీడియాలో జరిగే యుద్ధాలకు రామారావు, నాగేశ్వరరావుల నాటి పోస్టరు యుద్ధాలకు తేడా పేడ ఒక్కటే.

ఇక హీరో వాటా. ఎనభైల్లో చిరంజీవి వచ్చాక పాటను చెవితో వినడం కంటే కంటితో చూడటం ఎక్కువైంది. ‘స్టెప్పు’ అన్న మాట ‘చరణం’ అన్న మాటను పక్కకు నెట్టింది. పాట రాగానే హాల్లో కాగితాలు ఎగరేయడం, తెర ముందుకెళ్లి ఆడటం అప్పుడు ముదిరాయి. నలుగురిలో అతి తక్కువ పని చేసినవాడికే పాటలో అతి పెద్ద వాటా దక్కిందని విసుక్కునేవారున్నారు. పూర్తిగా న్యాయం కాదది. ఒళ్లు వంచి ఆడినవాడూ పాటకు ఒక రచన చేసినవాడే. 2023లో ఆస్కార్ గెలిచిన ‘నాటు నాటు’లో ప్రపంచం ముందుగా చూసింది కాళ్లనే. కీరవాణి బాణీ, చంద్రబోస్ మాట ఆ కాళ్ల వెనక నడిచి వేదిక ఎక్కాయి.

కార్డుముక్క మీద అభిమానం

సినిమాకు పోటీగా నిలబడగలిగిన మొదటి సంస్థ రేడియో. 1948 డిసెంబర్ 1న విజయవాడ కేంద్రం మొదలైంది. రజనీకాంతరావు ఊపిరి పోసిన లలిత సంగీతం, పొద్దున్నే భక్తిరంజని, నెలకో కొత్త గీతం. దేవులపల్లి కృష్ణశాస్త్రి మాట, పాలగుమ్మి విశ్వనాథం బాణీ, రావు బాలసరస్వతీదేవి, శ్రీరంగం గోపాలరత్నం, వేదవతీ ప్రభాకర్ గొంతులు. జానపదాన్ని కచేరీ స్థాయికి తెచ్చిన వింజమూరి అనసూయ, సీత అక్కచెల్లెళ్లు. సినిమా లేకుండా, సినిమాతో సమానమైన నాణ్యతతో ఒక జనరంజక సంగీతం మనకు తయారైంది.

మరి ఎందుకు ఓడిపోయింది? కొంత తప్పు ఢిల్లీది. 1952 తర్వాత సమాచార మంత్రి బి.వి. కేస్కర్ సినిమా పాటను ఆకాశవాణి నుంచి దాదాపు తరిమేశారు. జనం రేడియో సిలోన్ వైపు మీట తిప్పారు. అయిదేళ్లు తిరక్కుండానే, 1957లో, ప్రభుత్వమే వివిధభారతి పెట్టి సినిమా పాటను వెనక్కు పిలవాల్సి వచ్చింది. లలితగీతం మంచిదే గాని మందులా తాగించారు. సినిమా పాటను శ్రోత అడిగి వేయించుకున్నాడు. ‘జనరంజని’లో పాటకు ముందు చదివే పేర్ల జాబితా గుర్తుందా? ఊరు, ఇంటిల్లిపాది పేర్లు, స్నేహబృందం. కొందరికి పాటకంటే తమ పేరు రేడియోలో వినపడటమే పండగ. పదిహేను పైసల కార్డుముక్క మీద పేరు రాసి పంపినవాడు ఆ పాటలో ఒక గోరంత వాటా కొనుక్కున్నాడు. లలితగీతానికి ఆ కార్డు రాసే వీలు పెద్దగా దొరకలేదు.

అయినా రేడియో, గ్రామఫోన్ల ద్వారా కొన్ని ప్రైవేటు పాటలు సినిమాను మించిపోయాయి. కరుణశ్రీ పద్యాలకు ఘంటసాల గొంతు ఇచ్చిన ‘పుష్పవిలాపం’ ఒకటి. ఆయన పాడిన భగవద్గీత ఇంకొకటి. ఆయన కన్నుమూశాక విడుదలైన ఆ రికార్డు ఇవాళ మన ఊళ్లలో ఒక కబురు. తెల్లవారుజామున మైకులో ఆ గొంతు వినపడితే ‘ఎవరు పోయారు?’ అని అడుగుతారు తప్ప ‘ఏం పాట అది?’ అని ఎవరూ అడగరు. ఏ సినిమా పాటకూ దక్కని స్థానమిది.

గజ్జెకట్టిన పాట

రెండో పెద్ద పోటీ ఉద్యమం నుంచి వచ్చింది. 1972లో పుట్టిన జననాట్యమండలి, గద్దర్, ఉత్తరాంధ్ర నుంచి వంగపండు ప్రసాదరావు, తర్వాత గూడ అంజయ్య, గోరటి వెంకన్న, అందెశ్రీ, విమలక్క. వీళ్లు రాశారు, బాణీ కట్టారు, గజ్జెకట్టి ఆడుతూ పాడారు. సినిమా నలుగురికి పంచిన పని ఒకే మనిషిలో మళ్లీ కలిసింది. వాగ్గేయకారుడు గోచీ, గొంగడితో తిరిగొచ్చాడు. ఈ పాటకు హాలు లేదు, టికెట్టు లేదు. సభ అయిపోయాక కుర్రాళ్లు నోట్‌బుక్కుల్లో రాసుకునేవారు. క్యాసెట్టు నుంచి క్యాసెట్టుకు ఎక్కించుకునేవారు. 2002లో మొదలైన ధూంధాం పాటల సభలు తెలంగాణ ఉద్యమానికి నాయకుల ఉపన్యాసాలకంటే ఎక్కువ జనాన్ని తెచ్చాయి.

సినిమా ఈ పాటనూ వదల్లేదు. ‘మా భూమి’లో గద్దర్ స్వయంగా తెరమీద బండి యాదగిరి పాట పాడారు. 1994లో ఆర్. నారాయణమూర్తి ‘ఎర్రసైన్యం’తో వందేమాతరం శ్రీనివాస్ గొంతు మోగాక ఎర్రపాట ఒక బాక్సాఫీసు సరుకైంది. 1997లో ‘ఒసేయ్ రాములమ్మా’ దాన్ని ఇంకా పెద్ద హాళ్లకు తీసుకుపోయింది. దీన్ని దోపిడీ అన్నవారున్నారు, ప్రచారం అన్నవారున్నారు. రెండూ నిజమే.

రెండు రాష్ట్ర గీతాల చరిత్ర చూస్తే ఈ రాకపోకలు ఎంత చిక్కువో తెలుస్తుంది. శంకరంబాడి సుందరాచారి తెలుగుతల్లి పాట 1942 నాటి ‘దీనబంధు’ సినిమాకోసం రాసినది. టంగుటూరి సూర్యకుమారి గ్రామఫోన్ రికార్డుగా ఊరూరా తిరిగి, చివరకు రాష్ట్ర గీతమైంది. అందెశ్రీ తెలంగాణ గీతం ఉద్యమంలో పుట్టి, బడి ప్రార్థనల్లో పెరిగి, 2024 జూన్ 2న అధికార గీతమైంది. ఆ సందర్భంగా స్వరకల్పన కీరవాణికి అప్పగిస్తే, ఉద్యమ పాటకు సినిమా వాళ్లెందుకని గొడవ జరిగింది. ఒకటి సినిమా గడప దాటి బయటికొచ్చింది, ఇంకొకటి బయటినుంచి సినిమా గడప తొక్కింది. ఇంతకంటే ముచ్చటైనది మరొకటి: సినిమాను ఏనాడూ తన ఇల్లనుకోని గద్దర్ పేరుమీద తెలంగాణ ప్రభుత్వం 2025 నుంచి సినిమా అవార్డులిస్తోంది.

లెక్కలోకి రాని జాబితా

ఈ చర్చల్లో సాధారణంగా మరిచిపోయే పాటలు కొన్ని ఉన్నాయి. పురుషోత్తమ చౌదరి కాలంనుంచి వస్తున్న ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు, వాటి వెనకే పెరిగిన నేటి క్రైస్తవ గీతాల ఆల్బములు. వీటి శ్రోతలు ఎంతమందో నగరపు సమీక్షకులకు తెలియదు. కార్తీకం రాగానే మోగే అయ్యప్ప పాటలు, 1978లో తితిదే అన్నమాచార్య ప్రాజెక్టు మొదలయ్యాక శోభారాజు, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు ఇంటింటికీ చేర్చిన సంకీర్తనలు, పీర్ల పండుగ పాటలు. క్యాసెట్టు ధర తగ్గిన ఎనభైల తర్వాత ఈ పాటలకు సొంత బజారు ఏర్పడింది. ఈ గాయకులకు కటౌట్లు లేవు, పాలాభిషేకాలు లేవు. కాని శ్రోత రోజూ పొద్దున్నే వింటాడు. కటౌట్ల లెక్కతో కొలిస్తే ఇంత పెద్ద సంగీతం లేనట్టే.

నోయల్, రోల్ రైడా వంటివారి తెలుగు ర్యాప్, హైదరాబాదు కేఫుల్లో పాత పాటలకు గిటారు కట్టి వినిపించే బ్యాండ్లు ఇంకా పట్నం దాటలేదు. బ్యాండ్ల కచేరీల్లో జనం గొంతు కలిపేది తొంభైల సినిమా పాటలకే.

బరాత్ ముందు

మొన్న వేసవిలో కరీంనగర్ వైపు ఒక పెళ్లికి వెళ్లాను. రాత్రి బరాత్. ముందు డీజే బండి, లారీకి రెండు వైపులా మనిషెత్తు స్పీకర్లు. దాని వెనక పెళ్లికూతురు, పెళ్లికొడుకు, వాళ్ల చుట్టూ చుట్టాలు. మొదటి రెండు పాటలు సినిమావి. పిల్లలు ఆడారు. తర్వాత ఒక ఫోక్ పాట పడింది. అప్పటిదాకా చెప్పులు చేత్తో పట్టుకుని పక్కన నడుస్తున్న మేనత్తలు, అమ్మమ్మలు కొంగు బిగించి మధ్యలోకి వచ్చారు. ఆ తర్వాత గంటన్నరసేపు సినిమా పాట దాదాపు పడలేదు. డీజే కుర్రాణ్ణి అడిగితే, ‘సినిమా పాటకు స్టెప్పు రావాలె అంకుల్, ఫోక్‌కు అక్కర్లేదు, కాలు అదే లేస్తది’ అన్నాడు. ఇంత క్లుప్తంగా నేను ఏ సమీక్షలోనూ చదవలేదు.

ఈ ఫోక్ పాట ఒక కుటీర పరిశ్రమ. పాట రాసేవాడొకడు, ట్రాక్ కట్టే చిన్న స్టూడియో ఒకటి, పాడేది ఇద్దరు, ఆడేది ఇంకో ఇద్దరు. చెరువుగట్టు, వరిచేను, పాత పెంకుటిల్లు, పైనుంచి ఒక డ్రోన్ షాటు. అన్నీ కలిపి ఒక చానల్లో పెడతారు. వ్యూస్ బాగా వస్తే ఆడిన జంటకు ఊళ్లలో రిబ్బన్ కటింగులు, టీవీ షోలు. 2021లో ‘బుల్లెట్టు బండి’ పాటకు మంచిర్యాల పెళ్లిలో ఒక పెళ్లికూతురు ఆడిన వీడియోతో రెండు రాష్ట్రాల బరాత్‌లూ మారిపోయాయి. ఆ పాట సినిమాలో లేదు. పాడిన మోహన భోగరాజు మాత్రం సినిమా గాయని. 2025లో రాము రాథోడ్ బొంబాయి పాట ఇంకా దూరం పోయింది. తండాలో పుట్టి టీవీలో తెలంగాణ యాసతో పలకరించి, బతుకమ్మ పాటలతో పేరు తెచ్చుకున్న మంగ్లీ ఇవాళ పెద్ద సినిమాల గాయని. మంగళ్‌హాట్ నుంచి యూట్యూబ్ పాటలతో వచ్చిన రాహుల్ సిప్లిగంజ్ ‘నాటు నాటు’ గొంతుల్లో ఒకడై ఆస్కార్ వేదికమీద పాడాడు. పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్య గొంతు ‘భీమ్లా నాయక్’ పాటకు గడపైంది. ‘బలగం’ క్లైమాక్సులో హాళ్లకు హాళ్లు ఏడ్చింది బుడగజంగాల దంపతులు మొగిలయ్య, కొమురమ్మ పాటకు.

మూడో వాదనను ఇక్కడ కాస్త సరిచేయాలి. యూట్యూబు సినిమా గుత్తాధిపత్యాన్ని పగలగొట్టలేదు. సినిమాకు కొత్త దారి వేసింది. గెలిచిన ప్రతి ఫోక్ గాయకుడి తర్వాతి మజిలీ సినిమానో, బిగ్‌బాసో. పంజాబీ పాటను చూడండి. గురుదాస్ మాన్ నుంచి దిల్జీత్ దోసాంజ్ దాకా గాయకుడు ముందు తన పేరుతో గెలిచాడు, సినిమా అతని దగ్గరికి నడిచొచ్చింది. మన దగ్గర సినిమాలో పాడాకే ‘ఎదిగాడు’ అంటాం. ప్రైవేటు అన్న మాట లోపల ఉన్న చిన్నచూపు ఇదే.

వాటాల తగువు

అభిమానం ఎటుపోతే డబ్బు అటు పోతుందనుకుంటాం. అలా జరగలేదు. చాలాకాలం పాట రాసినవాడికి, బాణీ కట్టినవాడికి ఒకసారి ఇచ్చే పారితోషికమే ఆఖరు. 2012లో కాపీరైట్ చట్టం సవరించాక, సినిమాహాలు బయట పాట వాడుకున్నప్పుడు వచ్చే రాయల్టీలో తమ వాటాను రచయిత, సంగీత దర్శకుడు వదులుకోవడానికి వీల్లేదన్నారు. గాయకులకూ హక్కు దక్కింది. 2017లో బాలు అమెరికా పర్యటనలో ఉండగా తన పాటలు అనుమతి లేకుండా పాడుతున్నారని ఇళయరాజా నోటీసు పంపితే అభిమానులు తల్లడిల్లారు. ఇద్దరూ తమవాళ్లే మరి. ఆ రోజు దాకా ‘ఈ పాట ఎవరిది?’ అని తాము ఎన్నడూ అడగలేదని వాళ్లకు తెలిసొచ్చింది.

అదే చట్టంలో ఇంకో సంగతి ఉంది. పెళ్లి ఊరేగింపులో, పెళ్లి వేడుకల్లో పాట మోగిస్తే ఉల్లంఘన కాదు. సామాన్యుడికి అది న్యాయమైన వెసులుబాటే. దానికి ఇంకో వైపు కూడా చూడాలి. ఫోక్ పాటకు అతి పెద్ద వేదిక బరాతే. తన పాట పెళ్లిళ్ల సీజనంతా మోగినా రాసినవాడికి ఆ వేదిక నుంచి పైసా రాదు. మిగిలేది వ్యూస్ డబ్బు, అది చేరేది ముందుగా చానల్ యజమానికి.

పాత జానపదానికి ఆ మాత్రమూ లేదు. 2021లో ‘సారంగదరియా’ పాట సినిమాలోకి వచ్చినప్పుడు, దాన్ని ముందే సేకరించి పాడుతూ వచ్చిన ఒక గాయని తనకు గుర్తింపేదని అడిగింది. జానపదం ఎవరి సొత్తూ కాదు కాబట్టి ఎవరైనా వాడుకోవచ్చని కొందరన్నారు. ఎవరి సొత్తూ కానిది సినిమాలోకి రాగానే ఒకరి సొత్తు ఎలా అవుతుందో ఆ కొందరు చెప్పలేదు. ఊరుమ్మడి చెరువులో చేపలు పట్టుకోవచ్చు, చెరువుకు కంచె వేస్తేనే పేచీ.

మరి తేలిందేమిటి

మొదటి వాదన చాలావరకు తప్పు. సినిమా బయట మనకు జనరంజక సంగీతం ఎప్పుడూ ఉంది. రంగస్థలం మీద, రేడియోలో, ఉద్యమంలో, చర్చిలో, బరాత్ ముందు. సినిమా పాట ఎండిపోయిన ప్రతిసారీ నీళ్లు తోడుకున్నది ఈ బావుల్లోనే. రెండో వాదన సగం నిజం. సినిమా పాట జానపదమైంది, కాని జానపదానికి కృతజ్ఞత చెప్పకుండా అయింది. మూడోదీ సగమే. దారి తెరుచుకుంది, ఇల్లు ఇంకా కట్టలేదు. ఆ ఇల్లు కట్టాల్సింది శ్రోతే. మన శ్రోత ఎంత ప్రేమించాడన్నదాంట్లో ఏ సందేహమూ లేదు. పేరు గుర్తుపెట్టుకోవడంలో మాత్రం సినిమా చూపించిన పేరుకే పరిమితమయ్యాడు. 1996లో మొదలైన ‘పాడుతా తీయగా’లో పాటకు ముందు సినిమా, రచయిత, సంగీత దర్శకుడు, గాయకుల పేర్లు చెప్పించే అలవాటు చిన్న మర్యాదలా కనిపించింది. ఒక తరం శ్రోతలకు పాట వెనక మనుషులుంటారని నేర్పింది అదే. ఫోక్ పాటకు అలాంటి మర్యాద ఇంకా రాలేదు. ఆడినవాళ్ల ముఖాలు తెలుసు, రాసినవాడి పేరు వీడియో కింద ‘మోర్’ నొక్కితే తప్ప కనపడదు.

పాత వాగ్గేయకారులకు ఈ బెంగ లేదు. పాటలోనే ముద్ర వేసేవారు. త్యాగయ్య తన పేరే వేసుకున్నాడు. క్షేత్రయ్య మువ్వగోపాలుణ్ణి నిలబెట్టాడు, ఆ పేరు వినగానే పదం ఎవరిదో తెలిసిపోతుంది. కాగితం చిరిగినా, తాటాకు పోయినా పాట లోపలున్న పేరు పోలేదు.

ఆ బరాత్‌లో ఇంకో సంగతి విన్నాను. ప్రతి రీమిక్స్ మధ్యలో, డప్పు ఒక్క క్షణం ఆగినచోట, ఉరుములాంటి ఒక గొంతు మిక్స్ చేసిన కుర్రాడి పేరు, వాడి ఊరి పేరు అరిచి చెబుతుంది. తెలియనివాళ్లకు అది గోల. ఆడేవాళ్లు మాత్రం ఆ పేరు రాగానే ఇంకో ఈల వేస్తారు. పాట రాసినవాడి పేరు అందులో లేదు. కాని పేరు పెట్టాల్సిన చోటు ఆ కుర్రాడికి దొరికింది. పాట చుట్టూ కాదు, పాట లోపల.